బానెట్ మీద ఏడు కళ్ళు

"నీళ్ళు కొట్టు," అన్నాడు నాన్న.

స్మృతి సీసా నొక్కింది. కారు బానెట్ మీద నీళ్ళు సన్నగా చిమ్మాయి. నాన్న సాండ్‌పేపర్‌ను స్పాంజి దిమ్మకు చుట్టి ఆ తడి మీద మెల్లగా రుద్దసాగాడు. ష్... ష్... ష్... గరాజ్‌లో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం. అక్టోబర్ నెల. పొద్దున పట్టిన పొగమంచు అమెరికాలోని ఈ అరోరా ఊరిని ఇంకా వదల్లేదు. ఎదురింటివాళ్ళు హాలోవీన్ పండక్కని లాన్‌లో నిలబెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరం నడుము దాకానే కనిపిస్తోంది. తల ఎక్కడుందో ఆ పొగమంచుకే తెలియాలి.

కారు పాతది. బానెట్ మీద రంగు పొట్టు పొట్టుగా ఊడిపోయింది. షాపులో ఇస్తే మజా ఏముంటుందని నాన్నే పోయిన ఆదివారం దానికి ముదురు నీలం రంగు స్ప్రే చేశాడు. అంతకుముందు మూడు వారాలు కూర్చుని వీడియోలు చూశాడు. "ఆఫీసు పని ఇంత శ్రద్ధగా చేస్తే ఈపాటికి డైరెక్టర్ అయ్యేవారు," అని అమ్మ ఆటపట్టించింది కూడా.

కానీ ఆ కారు అమ్మకే. అమ్మకు కొత్తగా లైసెన్స్ వచ్చింది. వచ్చే నెల నుంచి తమ్ముడు ఆరుష్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ డేకేర్‌కి వెళ్తుంది. తమ్ముడికి ఇంకా ఎనిమిది నెలలే.

"నాన్నా, షైనీగా ఉన్నదాన్ని ఎందుకు రూయిన్ చేస్తున్నావు?" అంది స్మృతి.

"దగ్గరగా చూడు. నారింజ తొక్కలా గరుకుగా లేదూ? ఇంట్లో స్ప్రే చేస్తే ఇలాగే వస్తుంది. ముందు కట్ చేయాలి. అంటే ఎగుడుదిగుళ్ళన్నీ రుద్ది చదును చేయాలి. అప్పుడు మెరుపంతా పోతుంది. తర్వాత పాలిష్ పడితే అద్దంలా తిరిగొస్తుంది."

నాన్న చెప్పినట్టే మెరుపు పోతోంది. నాన్న చెయ్యి వెళ్ళిన చోటల్లా నీలం మసకబారి, బూడిద తెలుపు అవుతోంది. బయటి పొగమంచు లోపలికి వచ్చి బానెట్ మీద పడుకున్నట్టుంది.

నాన్న గుడ్డ తీసుకుని ఎడమ హెడ్‌లైట్ పక్కన బానెట్‌ను తుడిచాడు.

అప్పుడు కనిపించింది ఒక చుక్క, చిన్నది, గుండ్రనిది. చుట్టూ అంతా గుడ్డిగా మసకబారినా అదొక్కటే నల్లగా, తడిగా మెరుస్తోంది. ఎవరో లోపలినుంచి చూస్తున్నట్టుంది.

"నీళ్ళు," అన్నాడు నాన్న. స్మృతి కొట్టింది. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ తుడిచాడు. ఇప్పుడు మూడున్నాయి.

ఇంకోసారి తుడిచేసరికి ఏడు. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. స్మృతి కుడివైపు జరిగింది. ఏడింటిలోని వెలుగూ కుడివైపు జరిగింది. ఎడమవైపు వచ్చింది. అవీ ఎడమవైపు వచ్చాయి.

ఆమె చేతిలోని సీసా కింద పడింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

"ఏం లేదు."

ఏం లేకపోవడమేమిటి? చాలా ఉంది. అది పోయిన ఆదివారం సంగతి.

ఆ రోజు నీలం రంగు కొట్టడం పూర్తయ్యాక, నాన్న అరగంట ఆరబెట్టి భోజనానికి వెళ్ళాడు. తర్వాత వచ్చి దాని మీద క్లియర్ కోటు కొట్టాలి. అది రంగులేని గాజులాంటి పొర. "ఈ అరగంటలో దోమ కూడా వాలకూడదు," అని చెప్పి మరీ వెళ్ళాడు.

గుమ్మం దగ్గరినుంచి చూసిన అమ్మ, "అబ్బ, కొత్త కారులా ఉంది. నా దిష్టే తగిలేట్టుంది," అంది.

అమ్మ ఊరికే అంది. స్మృతి ఊరికే వినలేదు. తమ్ముడికి రోజూ స్నానం చేయించాక అమ్మ బుగ్గ మీద దిష్టిచుక్క పెడుతుంది. అమ్మమ్మ ఆముదం దీపం మీద పట్టి పంపిన కాటుక అది. చుక్క ఉంటే ఎవరి చెడు చూపూ తగలదట. మరి అమ్మ, తమ్ముడు వెళ్ళే కారుకి? స్మృతి డబ్బా తెచ్చింది. కారుకి హెడ్‌లైట్లే కళ్ళు. కాబట్టి హెడ్‌లైట్ పక్కన, బుగ్గ ఉండాల్సిన చోట, వేలితో ఒక చుక్క పెట్టింది.

ఇంతలో లోపలినుంచి నాన్న అడుగుల చప్పుడు వినిపించింది.  స్వెటర్ చేతితో చుక్కను ఒక్క తుడుపు తుడిచేసింది. నలుపు పోయింది. పోయిందనే అనుకుంది.

తుడిచిన చోటే, తుడిచిన వరసలోనే ఇప్పుడు ఏడు కళ్ళు తెరుచుకున్నాయి.

దిష్టికి కోపం వచ్చిందనుకుంది స్మృతి. పెట్టిన చుక్క తీసేస్తే దానికి కోపం రాదా?

నాన్న వంగి ఆ చుక్కల మీద గోరు ఆనించి చూశాడు. మొహం వాడిపోయింది.

"ఇవి గుంటలు," అన్నాడు. "నూనె ఉన్న చోట క్లియర్ నిలవదు. పక్కకు జరిగిపోతుంది. గుంటలోకి సాండ్‌పేపర్ అందదు. అందుకే చుట్టూ మసకైనా ఇవి మెరుస్తూ ఉన్నాయి."

"నూనె ఎక్కడినుంచి వస్తుంది?" అంది స్మృతి. 

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఎవరూ ముట్టుకోలేదు కదా?"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, స్మృతి చెయ్యి దానంతట అదే స్వెటర్ మీదికి వెళ్ళింది. నాన్న చూడలేదు. ఆయన ఆలోచన ఇంకెక్కడో ఉంది.

"కంప్రెసర్," అన్నాడు. "స్ప్రేకి గాలి కొట్టడానికి తెచ్చిన గోపాల్ అన్న కంప్రెసర్ పాతది. అందులోంచే గాలితో పాటు నూనె వచ్చి ఉంటుంది."

ఇప్పుడు చెప్పాలి. స్మృతికి తెలుసు. నోరు తెరిచింది కూడా. కానీ బానెట్ మీద ఏడూ తననే చూస్తున్నాయి. నోరు మూసుకుంది.

గోపాల్ అంకుల్ ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. ఆ కంప్రెసర్ అంటే ఆయనకు ప్రాణం. ఎవరో వద్దనుకున్నదాన్ని తెచ్చుకుని, బోల్టు బోల్టూ విప్పి బాగుచేసుకున్నాడు. నాన్న ఫోన్ చేసిన ఐదు నిమిషాల్లో వచ్చాడు. వెంట కూతురు దేదీప్య కూడా వచ్చింది. దేదీప్య, స్మృతి ఒకే క్లాసు.

అంకుల్ బానెట్ మీదకు వంగి చాలాసేపు చూశాడు.

"నూనెనే," అన్నాడు. "నా కంప్రెసర్‌దే తప్పయ్యుంటది నీరజ్. నీ కష్టమంతా ఖరాబ్ చేసిన."

"అయ్యో, నువ్వేం చేశావన్నా? మెషీన్ కదా," అన్నాడు నాన్న. అన్నాడే కానీ మొహంలో నవ్వు లేదు.

"డాడీ, మరి రేపు నా సైకిల్?" అంది దేదీప్య. దాని పాత సైకిల్‌కి రేపు ఊదారంగు కొడతానని అంకుల్ మాటిచ్చాడు. దేదీప్య క్లాసులో అందరికీ చెప్పుకుంది.

"దీంతోని కొట్టద్దు బిడ్డా. సైకిల్ గూడ గిట్లనే అయితది." అంకుల్ గరాజ్ మూలనున్న కంప్రెసర్ హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఒకరికి ఇచ్చి పేరు చెడగొట్టుకునుడెందుకు? రోడ్డు పక్కన పెడ్త. స్క్రాప్ ఏరుకునేటోళ్ళు ఎవరో ఒకరు పట్కపోతరు."

కంప్రెసర్ చక్రాల మీద గుడగుడమంటూ వెళ్ళింది. పక్కనే దేదీప్య తలవంచుకుని నడిచింది. కాసేపటికి ఇద్దరూ పొగమంచులో కలిసిపోయారు. గుడగుడ మాత్రం చాలాసేపు వినిపించింది.

నాన్న గరాజ్ తలుపు దించేసి లోపలికి వెళ్ళిపోయాడు.

స్మృతి ఉండిపోయింది.

ఆ ఏడు చుక్కలూ లేకపోతే చాలు, అంకుల్ కంప్రెసర్ తప్పేం లేదని నాన్నే అంటాడు. అప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఉంది కదూ ఈ ఆలోచన? స్మృతికి మాత్రం అప్పుడు చాలా గొప్పగా తోచింది.

సాండ్‌పేపర్ ముక్క తీసుకుంది. స్పాంజి దిమ్మ పెట్టలేదు. వేలి కొనతో మొదటి కన్ను మీద రుద్దసాగింది.

ష్... ష్... ష్...

తుడిచి చూసింది. కన్ను అలాగే ఉంది. ఇంకా గట్టిగా రుద్దింది. అలాగే ఉంది. పళ్ళు బిగించి రుద్దింది.

టక్‌మని గరాజ్ లైటు ఆరిపోయింది. కదలిక లేకపోతే ఆ లైటు దానంతట అదే ఆరిపోతుంది. స్మృతికి ఆ సంగతి తెలుసు. కానీ తను కదులుతూనే ఉందిగా? ఒక్క వేలు కదిలితే లైటుకి ఏం లెక్క, అది మనిషి కదిలితేనే వెలుగుతుంది. ఆ మాట ఆమెకు ఆ నిమిషంలో తోచలేదు.

తలుపుకున్న చిన్న కిటికీలోంచి బూడిదరంగు వెలుగు వస్తోంది. కారు లేదు, గోడలు లేవు. ఏడు కళ్ళు మాత్రం ఉన్నాయి. మొదటిదానికి పక్కన ఇప్పుడు ఇంకేదో కూడా ఉంది. తెల్లగా, వంకరగా ఉంది. ఇందాక నల్లగుడ్డు మాత్రమే ఉన్న కంటికి ఇప్పుడు తెల్లగుడ్డు వచ్చింది.

తను రుద్దిన చోట క్లియర్ అరిగిపోయింది. దాని కింద నీలం కూడా అరిగిపోయింది. అడుగున మొదట వేసిన తెల్ల ప్రైమర్ పూత బయటపడింది. కానీ చీకట్లో స్మృతికి కనిపించింది అది కాదు. ఆ కన్ను పెద్దదైంది. తను రుద్దేకొద్దీ పెద్దదైంది.

వెనక్కి అడుగేసింది. లైటు భగ్గున వెలిగింది. కళ్ళు పోలేదు.

ఇంట్లో తమ్ముడు కేరింతలు కొడుతున్నాడు. అమ్మ ఏదో పాట పాడుతోంది. ఒక్క గోడ అవతలే అంతా మామూలుగా ఉంది. తను మాత్రం ఇటువైపు ఉండిపోయానని స్మృతికి ఏడుపొచ్చింది.

అప్పుడు వీధిలోంచి ఒక చప్పుడు వినిపించింది. బండి ఏదో చాలా మెల్లగా వస్తోంది. కిటికీలోంచి చూసింది. పొగమంచులో రెండు పసుపు లైట్లు ఆరుతూ వెలుగుతూ, ప్రతి ఇంటి ముందూ ఆగుతూ వస్తున్నాయి. వెనక ఇనుప సామాను గలగలలాడుతోంది.

స్క్రాప్ బండి అది. అది వెళ్ళే వైపు చూస్తే, పొగమంచు కాస్త పలచబడి, అంకుల్ వాళ్ళ డ్రైవ్‌వే చివర, మెయిల్‌బాక్స్ పక్కన, గుండ్రంగా పొట్టిగా ఒక ఆకారం కనిపించింది. చలిలో బయట నిలబెట్టేసిన పిల్లాడిలా ఉంది.

స్మృతి పక్క తలుపు తీసుకుని పరుగెత్తింది.

ఒక ఇల్లు, రెండిళ్ళు, మూడిళ్ళు దాటింది. వెనక గలగల దగ్గరవుతోంది. బండి ఆమెను దాటి వెళ్ళి ఆగింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు దిగి కంప్రెసర్ వైపు నడిచాడు. స్మృతి ఆయన కంటే ముందు చేరింది. ఏం చేయాలో తెలియలేదు. గబుక్కున కంప్రెసర్ మీదెక్కి కూర్చుంది.

"ఇది ట్రాష్ కాదు," అంది ఇంగ్లీషులో, రొప్పుతూ. "పాడవలేదు. ప్లీజ్, తీసుకెళ్ళకండి."

ఆయన ఆ పిల్లను చూశాడు, కంప్రెసర్‌ను చూశాడు. టోపీ సర్దుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. పసుపు లైట్లు మలుపు తిరిగి మాయమయ్యాయి.

అంకుల్ ఇంటి తలుపు తెరుచుకుంది.

"ఏమైంది బిడ్డా? చలిల దాని మీద కూసున్నవేంది?"

"అంకుల్, తప్పు దీనిది కాదు. నాది." స్మృతి కిందికి దిగలేదు. దిగితే మళ్ళీ చెప్పలేనేమో అనిపించింది. "కలర్ కొట్టాక నేను కాటుక పెట్టాను. దిష్టిచుక్క. మళ్ళీ తుడిచేశాను. ఆయిల్ దాంట్లోది. నాన్న మీ కంప్రెసర్ అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. చెప్పలేదు."

 ఏడ్చేసింది.

 అంకుల్ మెట్లు దిగి వచ్చాడు.

"కారుకి దిష్టిచుక్కనా?"

"అమ్మ, తమ్ముడు అందులో వెళ్తారని."

ఆయన మీసం కదిలింది. నవ్వు ఆపుకున్నాడో ఏమో. "మీ నాన్నకు చెప్పినవా?"

"లేదు."

"నన్ను చెప్పమంటవా?"

స్మృతి తల అడ్డంగా ఊపింది. "నేనే చెప్తాను. మీరు పక్కన ఉండండి చాలు."

గుడగుడమంటూ కంప్రెసర్ మళ్ళీ వెనక్కి బయల్దేరింది. ఈసారి హ్యాండిల్‌కి ఒకవైపు అంకుల్, ఇంకోవైపు స్మృతి ఉన్నారు.

ఈలోపు నాన్న మళ్ళీ గరాజ్‌లోకి వచ్చి ఉన్నాడు. తెల్లబారిన ఆ చోటును వేలితో తడిమి చూస్తున్నాడు. స్మృతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. సాండ్‌పేపర్ సంగతి కూడా దాచలేదు.

నాన్నకు కోపం వచ్చింది. రాదా మరి? మూడు వారాల వీడియోలు, ఒక ఆదివారం, ఒక శనివారం పోయాయి. ఆయన గుడ్డను బకెట్లో పడేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. స్మృతికి ఆ నిమిషం గంటలా గడిచింది.

తర్వాత ఆయన తిరిగి అంకుల్ వైపు నడిచాడు.

"సారీ అన్నా. సరిగ్గా చూడకుండా తప్పు నీ మెషీన్ మీద తోసేశాను."

"పోనియ్," అన్నాడు అంకుల్. "బిడ్డ సక్కగ వచ్చి చెప్పింది. గా మాట చూడు."

నాన్న స్మృతి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాకు కోపంగానే ఉంది. ఇంకాసేపు ఉంటుంది. కానీ రేపు బానెట్ మొత్తం మళ్ళీ రుద్దాలి. ఎవరు రుద్దుతారు?"

"నేను," అంది స్మృతి.

"దిమ్మ పెట్టి."

"దిమ్మ పెట్టి."

రాత్రి అమ్మకు అంతా తెలిసింది. స్మృతిని దగ్గరికి తీసుకుని, "నాతో ఒక్క మాట అంటే టైరుకి పెట్టించేదాన్నిగా, పిచ్చితల్లీ," అంది.

మర్నాడు పొద్దున్నించీ స్మృతి రుద్దింది. చేతులు నొప్పెట్టాయి. మధ్యాహ్నానికి ఒక్కో కన్నూ మూతపడింది. ఆఖరిది, తెల్లగుడ్డుది, మూతపడేటప్పుడు స్మృతి దాన్ని సూటిగా చూసింది. అదేమీ అనలేదు.

తర్వాతి శనివారం ఎండ కాసింది. స్మృతి వాళ్ళ గరాజ్‌లో బానెట్‌కి మళ్ళీ రంగు కొట్టడం అయ్యాక, అదే కంప్రెసర్‌తో అంకుల్ వాళ్ళ గరాజ్‌లో సైకిల్ మొదలైంది. అంకుల్ ఊదారంగు కొట్టడం ముగించి మాస్క్ తీశాడు. "అరగంట ఆరాలె. తర్వాత క్లియర్," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. దేదీప్య ఫోటో తీయడానికి ఫోన్ తెస్తానని లోపలికి పరుగెత్తింది.

స్మృతి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎంత జాగ్రత్తగా నిలబడిందో చెప్పలేం. కానీ దేదీప్యకు తోవ ఇవ్వబోయి ఇందాక ఒక అడుగు పక్కకు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ కడ్డీ మీద ఒక గీత ఉంది.

చాలా చిన్న గీత. కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. ఆమె జాకెట్ జిప్పుకు కాస్త ఊదారంగు అంటుకుంది.

గరాజ్‌లో ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు. అరగంట తర్వాత దాని మీద క్లియర్ పడుతుంది. గోడ పక్కన కంప్రెసర్ చల్లారుతూ ఒకసారి టక్ మంది.

ఆ గీత కాస్త వంపు తిరిగి ఉంది. మూసి ఉన్న రెప్పలా ఉంది. ఇంకా తెరుచుకోలేదు, అంతే. 

"అంకుల్," అని పిలిచింది.  ఇంకాస్త గట్టిగా మళ్ళీ పిలిచింది. "అంకుల్, నా జాకెట్ తగిలింది. ఇక్కడ గీత పడింది."

అంకుల్ తడి చేతులతో వచ్చాడు. వెనకే దేదీప్య వచ్చింది. ఆయన వంగి చూశాడు.

"గిదేనా? ఆరినంక జర రుద్ది ఇంకో కోటు కొడ్తే పాయె. పది నిమిషాల పని." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ స్మృతి వైపు చూశాడు. "క్లియర్ పడ్డంక తెలిస్తే మాత్రం మొత్తం మొదటినుంచి చెయ్యాల్సొస్తుండె."

"నాకు తెలుసు," అంది స్మృతి.

జాకెట్ విప్పి దూరంగా పెట్టింది. సాండ్‌పేపర్ ముక్క తీసుకుని స్పాంజి దిమ్మకు చుట్టి, రంగు ఆరేదాకా సైకిల్ పక్కనే కూర్చుంది.